చెయ్యెత్తినవాళ్లదే కథ

రాజేశ్వర్ రావు మీద సుభాషిణికి ఉన్న ఫిర్యాదులు వరుసగా రాస్తే అదే ఒక నవల అవుతుంది. కాకపోతే దాన్ని కూడా ఆయన చదవడు. పెళ్లైన ముప్పై రెండేళ్లలో ఆయన శ్రద్ధగా చదివినవి మూడు: రైల్వే టైంటేబుల్, గ్యాస్ బిల్లు, బీపీ గోళీల అట్ట వెనకాల తారీఖు. భార్య కథ ఏ పత్రికలో పడ్డా తెచ్చి ముందు పెడితే, పక్కనున్న బొమ్మ చూసి "మంచిగొచ్చింది" అనేవాడు. మంచిగొచ్చింది కథో బొమ్మో ఆమె ఏనాడూ అడగలేదు. ఇంజన్ డ్రైవర్‌గా రిటైరైన మనిషి కదా, ముందున్న పట్టా తప్ప పక్కకు చూసే అలవాటు పోలేదని సర్దుకుపోయింది.

సర్దుకుపోయినదాన్ని అట్లా ఉండనిస్తే ఆయన సొమ్మేం పోయింది? పోయిన ఆదివారం కరెంటు పోయి టీవీ ఆగిపోతే, ఏమీ తోచక, బల్ల మీదున్న కొత్త కథల సంకలనం తీసి మొదటి కథ చదివాడు. ముప్పై రెండేళ్లకు చదివిన ఆ ఒక్క కథా భార్యది కాదు. చదివి, కళ్లద్దాలు తీసి, "ఇది రాసింది భానుచందర్ కాదే" అన్నాడు. పోయిన వారం సుభాషిణిని అక్కడే, చేతిలో గరిటెతో, పొయ్యి మీద మాడుతున్న పోపుతో వదిలి వచ్చాం.

కొత్తగా ఈ వారమే బండెక్కినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. హన్మకొండలో 'మొదటి ఆదివారం' అని ఒక రచయితల బృందం ఉంది. నెలనెలా మొదటి ఆదివారం కలుస్తారు కాబట్టి ఆ పేరు. ఇంతకన్నా మంచి పేరు వెతకడానికి ఇరవై ఏళ్ల కింద ఒక కమిటీ వేశారు, ఆ కమిటీ ఇంకా కలవలేదు. సుభాషిణి దానికి కార్యదర్శి. అంటే చాయ్ చెప్పేదీ ఆమే, మినిట్స్ పుస్తకం రాసేదీ ఆమే. జనవరి సమావేశానికి మాత్రం ఒక ఆచారం ఉంది. కొత్త ఏడాది తొలి రచనను ఎవరూ తమ పేరుతో చదవరు. పేరు లేకుండా టైపు చేయించి, కాగితం మడిచి, బిస్కెట్ల రేకు డబ్బాలో వేస్తారు. ఒకరిది ఇంకొకరు తీసి చదువుతారు. ఎవరిదై ఉంటుందో అందరూ ఊహించాక, రాసినవాళ్లు చెయ్యెత్తుతారు. చెయ్యెత్తినవాళ్లదే కథ. పేరు చూసి మెచ్చుకోవడం, పేరు చూసి పెదవి విరవడం పోవాలని కన్వీనర్ మహిపాల్ సార్ పెట్టిన నియమం ఇది. పేరు తీసేస్తే మనుషులు దాన్ని ఇంకా గట్టిగా ఊహిస్తారని ఆయనకు తట్టలేదు.

పోయిన జనవరిలో డబ్బాలోంచి 'రెండు జెండాలు' అనే కథ వచ్చింది. తెల్లవారకముందే లేచి, సుత్తె భుజాన వేసుకుని, పట్టాల వెంట మైళ్లు నడిచి, ప్రతి బిగింపునూ తట్టి చూసే ఒక కీమ్యాన్ కథ. చదువుతూ చదువుతూ మహిపాల్ సార్ రుమాలు తీశాడు. రైల్వే కథ కాబట్టి రైల్వేవాడే రాసి ఉంటాడని ఇరవై రెండు మందీ ఒక్కమాటగా భానుచందర్ వైపు తిరిగారు. కాజీపేట స్టేషన్ బుకింగ్ కౌంటర్లో టికెట్లు కొట్టే భానుచందర్ నవ్వాడు. అతను చెయ్యెత్తే దాకా ఆగకుండానే చప్పట్లు పడ్డాయి. అక్టోబరులో సంకలనం ప్రూఫులు వచ్చినప్పుడు, ఆ జనవరిలోనే కొత్తగా చేరిన సబియా వచ్చి, ఆ కథ తనదంది. ఆమె తండ్రి బాబా మియా కీమ్యాన్‌గా చేసి రిటైరైనవాడు. ఫోన్లో ఫైలు చూపించబోతే, ఫైలు తారీఖులు ఎవరైనా మార్చవచ్చని తన మనవడు చెప్పాడన్నాడు మహిపాల్ సార్. విచారణ ఇరవై నిమిషాల్లో ముగిసింది. "సబియా గారు ఆ రోజు చెయ్యెత్తలేదు. కావున వారి వాదన నిరాధారం" అని మినిట్స్ పుస్తకంలో రాసింది మన సుభాషిణే. కింద సంతకమూ పెట్టింది. ఆమె సంతకం చాలా అందంగా ఉంటుంది.

"భానుచందర్ కాదని మీకెట్ల తెలుసు?" అంది సుభాషిణి పొయ్యి కట్టేసి.

"ఇగో, ఇక్కడ జూడు. ఎర్ర జెండ ఒక బకెట్ల, ఆకుపచ్చది ఒక బకెట్ల నానబెడతది కీమ్యాన్ బిడ్డ. ఎందుకు? ఎర్రది రంగు దిగుతది. కలిపి ఉతికితె ఆకుపచ్చది ఆగమైతది. ఇరవై ఏండ్లు ఇంజన్ మీదికెల్లి చూసిన, ఆ కీమ్యాన్ల కోటర్ల ముంగట ఎర్రయి ఒక దండెం మీద, పచ్చయి ఒక దండెం మీద ఆరేసి ఉంటుండె. ఎర్ర గుడ్డ కనవడ్డప్పుడల్ల నా చెయ్యి బ్రేకు మీదికి పోయేది. గీ ముచ్చట ఉతికినోళ్లకు తెలుస్తది. ఏసీల కూసొని టికెట్ గొట్టేటోనికి ఏం తెలుస్తది?"

సుభాషిణి ఆ రాత్రి అన్నం సగంలో లేచింది. మర్నాడు సబియాకు ఫోన్ చేసింది. ఏమని చెప్పాలో తెలియక, "ఆదివారం రా బిడ్డా" అని మాత్రం అంది.

ఈ ఆదివారం పదిన్నరకు ట్యుటోరియల్ కాలేజీ మేడ మీది గదిలో ముప్పై కుర్చీలు వేసి ఉన్నాయి. మనుషులు నలుగురు. అక్టోబరు తర్వాత ఒక్కొక్కరికీ ఒక్కో పని పడింది. ఒకరికి మోకాళ్లు, ఒకరికి మనవరాలు, ముగ్గురికి ఒకే పెళ్లి, అది మూడు నెలలుగా జరుగుతూనే ఉంది. బ్యానర్ పాతదే. సంవత్సరం అంకె మీద తెల్లకాగితం అంటించి స్కెచ్ పెన్నుతో కొత్త అంకె వేశారు. గోడ వారగా సంకలనం కట్టలు, మూడు వందల కాపీలు, గోధుమరంగు కాగితంలో చుట్టి ఉన్నాయి. 'రెండు జెండాలు' తన పత్రికలో మళ్లీ వేసుకుంటానన్న ఎడిటర్ ఒకాయన హైదరాబాద్ నుంచి పుస్తకావిష్కరణకు వస్తున్నాడు. రైలు గంటన్నర లేటు.

"బండి ఆలస్యమైనా మనం ఆలస్యం కాకూడదు" అన్నాడు మహిపాల్ సార్. డెబ్బై దాటిన తెలుగు లెక్చరర్. భార్య పోయి ఆరేళ్లు. నెలకు ఒక ఆదివారం ఉందని మిగతా ఇరవై తొమ్మిది రోజులు గడుపుకొస్తున్న మనిషి. ఇస్త్రీ చేసిన లాల్చీ వేసుకొచ్చాడు గానీ గుండీలు ఒకటి కిందా మీదా అయ్యాయి. చెప్పేవాళ్లెవరూ లేరు.

అప్పుడే సబియా వచ్చింది. మడికొండ ఐటీ పార్కులో ఒక కంపెనీ రిసెప్షన్‌లో పనిచేస్తుంది, రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టుంది, మెడలో ఐడీ కార్డు ఇంకా తీయలేదు. తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. లోపలికి రావడం కన్నా బయటికి పోవడం సులువయ్యే చోటు అది. మహిపాల్ సార్ ఆమెను చూసి, సుభాషిణిని చూసి, డబ్బా మూత తీశాడు.

డబ్బాలో మూడే కాగితాలున్నాయి. సుభాషిణి ఏమీ రాయలేదు. ఆమె తీసిన కాగితంలో ఒక శిల్పి, ఒక నాట్యకత్తె, ఒక పగిలిన ఉలి. ఊహించడానికి ఎవరికీ క్షణం పట్టలేదు. ఆ శిల్పి మీద మహిపాల్ సార్ రాసిన తొమ్మిదో కథ అది. భానుచందర్‌కు సమ్మమ్మ కవిత వచ్చింది. సమ్మమ్మ ప్రభుత్వ దవాఖానలో నర్సుగా రిటైరైంది, కవిత పోలియో చుక్కల మీద. మూడోది సమ్మమ్మ తీసింది. విప్పింది, తిప్పింది, మళ్లీ తిప్పి కళ్లద్దాలు తుడుచుకుంది.

"దీంట్ల ఏం లేదు సార్."

"సరిగ్గా చూడండమ్మా."

"ముప్పై ఏండ్లు సూదులేసిన. నరం దొరకకపోతే నాకు తెల్వదా? ఇది ఖాళీ."

"ఎవరిదై ఉంటుందో ఊహించండి" అన్నాడు మహిపాల్ సార్, అలవాటు కొద్దీ.

సమ్మమ్మ కాగితం ఎత్తి అందరికీ చూపించింది. భానుచందర్ చెయ్యెత్తాడు. కొత్త చొక్కా చంకలో తడిసి ఉంది. "నాదే సార్" అన్నాడు. "ఏడాదంత కూసున్న. ఏది రాసినా 'రెండు జెండాలు' లెక్క లేదంటాండ్రు. నాకు గూడ గట్లనే అనిపిస్తాంది."

సుభాషిణి చల్లగా ఎట్లా మొదలుపెట్టాలో వారం నుంచి అద్దం ముందు నేర్చుకుంది. అదంతా మరిచిపోయింది.

"అది నీది కాదు గనుకనే గట్లనిపిస్తాంది భానూ."

భానుచందర్ కోపానికి రాలేదు. రావాలనే అనుకున్నాడేమో గానీ రాలేదు.

"నాదని నేనెన్నడన్నా అన్ననా అక్కా?"

"కాదని ఎన్నడన్నా అన్నవా?"

"ఇరవై రెండు మంది చప్పట్లు గొడుతుంటె కాదని ఎవడంటడు? నాకు మా ఇంట్ల గూడ ఎవరు గొట్టలే ఎన్నడు. తెల్లారి చెప్దామనుకున్న. తెల్లారి వాట్సప్‌ల నలభై మెసేజులు. మా ఆఫీసర్ గూడ పెట్టిండు." ఖాళీ కాగితం సమ్మమ్మ చేతిలోంచి తీసుకుని మళ్లీ నాలుగు మడతలు వేశాడు. "ఇగ చెప్పుటానికి ఎక్కడ సందు దొరకలే."

సుభాషిణి జెండాల సంగతి చెప్పింది. రెండు బకెట్లు, రెండు దండేలు. చెప్పి, "ఎర్ర జెండ ఎట్ల ఉతుకుతరు భానూ?" అని అడిగింది.

"సర్ఫుల" అన్నాడు అతను, నేల చూస్తూ.

"ఊహాశక్తి అనేది ఒకటుంటుంది సుభాషిణి గారూ" అన్నాడు మహిపాల్ సార్. డబ్బా మూత మళ్లీ పెట్టేశాడు. "నేను శిల్పిని కాను. తొమ్మిది కథలు రాయలేదా?"

"చదివితె తెలుస్తనే ఉంటది సార్, మీరు శిల్పి కాదని" అంది సమ్మమ్మ.

ఇంకో రోజైతే అందరూ నవ్వేవాళ్లు. మహిపాల్ సార్ కూడా. ఈసారి ఆయన లేచి నిలబడ్డాడు.

"మనకు ఒకే నియమం. చెయ్యెత్తినవాళ్లదే కథ. భానుచందర్ ఎత్తలేదంటున్నాడు, ఒప్పుకుంటాను, అతని తప్పు అతను చూసుకుంటాడు. సబియా గారూ ఎత్తలేదు. ఎత్తలేదని ఇందులో ఉంది." మినిట్స్ పుస్తకం మీద అరచెయ్యి వేశాడు. "ఈ ఒక్క మాట తప్పైతే ఇరవై ఏళ్ల మాటలూ తప్పే. ఏ కథ ఎవరిదో ఇంకెవరు నమ్ముతారు? ఆ మూడు వందల కాపీలు ఎవరికిస్తాను? రైలు దిగి వచ్చే ఎడిటర్‌కు ఏం చెప్తాను? అంత దాకా వస్తే ఈ బృందాన్ని ఇవ్వాళే మూసేస్తాను. బెదిరింపు కాదమ్మా. ఎట్లాగూ నలుగురమే మిగిలాం. మూతపడ్డట్టే ఉంది, తాళం వేయడమే తక్కువ."

అది నిజమేనని గదిలో అందరికీ తెలుసు. సుభాషిణికి మరీ తెలుసు. నెలకు ఒక పూట ఆమెను 'కార్యదర్శి గారూ' అని పిలిచే చోటు ఇదొక్కటే. మిగతా రోజులు ఆమె 'ఏమే', 'అత్తమ్మా', 'రెండో ఫ్లోర్ ఆంటీ'. ఇది పోతే ఆదివారం కూడా బియ్యం ఏరుకోవడమే. ఆమె సబియా వైపు చూసింది, ఆ పిల్లే ఏదైనా అని ఈ ముడి విప్పుతుందేమోనని.

"నాకు పేరొద్దు సార్" అంది సబియా.

అందరూ తలుపు వైపు తిరిగారు.

"నిజంగనే వద్దు. మెంబర్లకు ముందే ఇచ్చిన పుస్తకం ఇంటికి తీస్కపోయి మా అబ్బాకు చదివి వినిపించిన. షుగర్‌తోని అబ్బాకు కండ్లు పోయినయి, రెండేండ్లాయె. మొత్తం ఇని, ఎవరు రాసిండ్రని అడిగిండు. నేనే అని చెప్తె, పుస్తకంల పేరు ఎవరిదుందో తమ్ముడు చదివి చెప్తడు. అందుకని భానుచందర్ సార్ అని చెప్పిన. అబ్బా మస్తు ఖుషీ అయిండు. మన కష్టం ఆ సార్‌కు ఎట్ల తెలిసిందో, ఒకపాలి ఇంటికి పిలువు, అన్నం పెడదాం అంటాండు. రోజు అడుగుతాండు." ఆమె భానుచందర్ వైపు చూసింది. "మీరు ఒకసారి వస్తె మంచిగుంటది సార్. ఏం చెప్పకుండ్రి. తిని పోండ్రి."

భానుచందర్ మడిచిన కాగితం ఇంకా మడవాలని చూశాడు. అది ఇక మడత పడలేదు.

"మరి ఎందుకొచ్చినవు బిడ్డా?" అంది సమ్మమ్మ.

"చెయ్యెత్తలే అని రాసిండ్రు గదా. అది ఒక్కటి కొట్టెయ్యిమని అడుగుదామని. కథ పోతే పోయింది. ఇంకో కథ రాస్తనో రాయనో, రాయబుద్ధైతలేదు. కాని నేను అబద్ధం చెప్పినట్టు రాసి పెట్టిండ్రు. నేను చెయ్యెత్తిన."

"ఎవరూ చూడలేదే అమ్మాయీ" అన్నాడు మహిపాల్ సార్.

"సుభాషిణి అక్క చూసింది."

సుభాషిణి కలం మూత పెడుతున్న చెయ్యి అక్కడే ఆగింది.

"అందరు భానుచందర్ సార్, భానుచందర్ సార్ అంటాండ్రు. నేను ఆఖరు లైన్ల కూసున్న. చెయ్యెత్తిన. అక్క నన్ను చూసి, లేచొచ్చి, నా చేతిల తాళంచెవి పెట్టింది. బాత్రూం కింద మెట్ల పక్కకున్నది, వచ్చేటప్పుడు మళ్ల తాళమెయ్యి అన్నది." సబియా గొంతులో కోపం లేదు, ఎవరికో దారి చెబుతున్నట్టు చెప్పింది. "కొత్త గదా, వద్దనుటానికి శరమైంది. కిందికి పోయిన. తాళం తీసి, ఊకెనే నిలవడి, మళ్ల ఏసిన. పైకొచ్చేసరికి ఇంకో కథ నడుస్తాంది. తర్వాత సరిచేస్తరు గావచ్చు అనుకున్న."

సమ్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికి మొదలుపెట్టిన పని అది, మధ్యలో వేరే అయింది.

సుభాషిణికి ఒక్కసారిగా అంతా కనిపించింది. చివరి వరసలో ఊదారంగు చున్నీ. భుజం దాటి పూర్తిగా లేవని చెయ్యి, రెండు వేళ్లు మాత్రం చాచి. తాళంచెవికి కట్టిన చెక్కముక్క బరువు కూడా అరచేతికి తెలిసింది. ఆ రోజు ఆమె ఆ పిల్లను చూసి ఏమనుకుందో అదీ గుర్తొచ్చింది. పాపం, కొత్త పిల్ల, అడగడానికి మొహమాటపడుతోంది అనుకుంది. తాను చాలా మంచిదాన్నని కూడా అనుకుంది. అక్టోబరులో "చెయ్యెత్తలేదు" అని రాస్తున్నప్పుడు కలం ఒక్క క్షణం ఆగిన మాటా నిజమే. ఎందుకాగిందో తనను తాను అడగలేదు. కింద చాయ్ చల్లారిపోతోందని సంతకం పెట్టేసింది.

మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది. "ఇటేనా అండీ, మొదటి ఆదివారం?" అని ఎవరినో అడుగుతున్న గొంతు. హైదరాబాద్ ఎడిటర్ అనుకున్న దానికన్నా ముందే వచ్చేశాడు.

మహిపాల్ సార్ బల్ల మీదికి వంగాడు. ఆయన కళ్లలో అధికారం లేదు, బతిమాలడం ఉంది. అది చూడటం ఇంకా కష్టంగా ఉంది.

"ఏడాది కిందటి మాట సుభాషిణి గారూ" అన్నాడు లోగొంతుకతో. "ఎవరికి తాళమిచ్చారో, ఎవరికి చాయ్ ఇచ్చారో ఎవరికి గుర్తుంటుంది? మీకు గుర్తులేదు. అంతే కదా? గుర్తులేదని ఒక్క మాట అనండి. తక్కినది తర్వాత మనం మనం చూసుకుందాం."

నిజంగానే చాలా చిన్న మాట అది. ఆమె వయసుకు ఎవరూ తప్పుపట్టరు. ఇంట్లో రోజుకు నాలుగుసార్లు అంటుంది. అంటే బృందం ఉంటుంది, మూడు వందల కాపీలు పోతాయి, వచ్చే నెల మళ్లీ కార్యదర్శి గారూ అంటారు. అనకపోతే, ఈ పిల్ల రాయడం మళ్లీ మొదలుపెడుతుందన్న నమ్మకం కూడా లేదు. కళ్లు లేని ఆ ముసలాయనకు ఇప్పుడు ఎవరు ఏమని చెప్పాలో అంతకన్నా తెలియదు. అనకపోవడం వల్ల బాగుపడేది మినిట్స్ పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం.

ఎడిటర్ గుమ్మంలో నిలబడ్డాడు. చేతిసంచి దించి, ఖాళీ కుర్చీలన్నీ ఒకసారి చూసి, అయినా నవ్వుతూ చేతులు జోడించాడు. "ఆలస్యానికి క్షమించాలి. ముందు 'రెండు జెండాలు' రాసింది ఎవరో చెప్పండి, ఆ మనిషిని చూడాలనే వచ్చాను."

భానుచందర్ తలెత్తలేదు. సబియా ఐడీ కార్డు తాడు వేలికి చుట్టుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. మహిపాల్ సార్ సుభాషిణి పెదాల వైపే చూస్తున్నాడు.

సుభాషిణి లేచింది. బల్ల అంచు పట్టుకుంది.

"నాకు యాదికుంది సార్" అంది మహిపాల్ సార్‌తో, అందరికీ వినిపించేటట్టు. "ఈ పిల్ల చెయ్యెత్తింది. నేను చూసిన. గంత మంచి కథ ఆఖరు లైన్ల కూసున్న కొత్త పిల్లదైతదని నాకు అనిపియ్యలే, బాత్రూమే అనిపించింది. అక్టోబర్ల చెయ్యెత్తలేదని రాసినప్పుడు గూడ నా మనసుకు తెలుసు. నేను రాసింది తప్పు. తప్పు నాది."